చెక్క అని చెప్పిన నేల

మా హాల్లో నేల మార్చాలన్న ఆలోచన మా అమ్మ జారిపడ్డ రోజున పుట్టింది. విజయనగరంలో మేముంటున్న ఫ్లాటుకి బిల్డరు తెల్లటి నున్నటి టైల్స్ వేయించాడు. చూడ్డానికి బాగుంటాయి గానీ తడి కాలు పెడితే అంతే సంగతులు. అమ్మ బాత్రూంలోంచి వస్తూ సోఫా దగ్గర జారి కూలబడింది. ఎముక విరగలేదు, మా అదృష్టం. మోకాలు మాత్రం బూరెలా వాచి, పదిహేను రోజులు మంచం దిగలేదు. డాక్టరు కాలు నొక్కి చూసి, "ముందు ఇంట్లో నేల సంగతి చూడండమ్మా, మందులు తర్వాత" అన్నాడు.

మా ఆయనకి ఆ ఒక్కమాట చాలు. కరెంటాఫీసులో ఫైళ్లు ఎలా కదుపుతాడో నాకు తెలీదు గానీ, ఇంట్లో ఏదైనా పని తలకెత్తుకున్నాడంటే ఇల్లు పీకి పందిరేసేదాకా ఊరుకోడు. ఆ ఆదివారమే నన్ను స్కూటరెక్కించుకుని షాపుకి తీసుకెళ్లాడు. అక్కడ గోడ పొడుగునా పలకలు నిలబెట్టి ఉన్నాయి. షాపతను ఒక్కొక్కటీ తీసి నా చేతికిస్తున్నాడు. టేకు రంగుది, బూడిద రంగుది, కాఫీ రంగుది. నాలుగోది చేతికి రాగానే నా బొటనవేలు దానంతటదే పలక మీద జరుగుతూ వెళ్లి ఒకచోట ఆగింది. అక్కడ అడ్డంగా సన్నటి గీత, కాస్త ముదురు రంగు. కణుపు. అతను చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

"ఇది బాంబూ ఫ్లోరింగ్ మేడం" అన్నాడు. "ఇప్పుడు వైజాగులో అందరూ ఇదే ఏయిస్తన్నారు. కాలికి ఎచ్చగా ఉంటాది, జారదు. పెద్దోళ్లున్న ఇంటికి మంచిది."

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి అని ఏటా పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. అలాంటిదాన్ని, ఆ పలక పట్టుకుని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు, "ఓ, బాంబూనా?" అన్నాను. మా ఆయన నా ముఖం కేసి చూసి, మళ్లీ పలక కేసి చూసి, "నీకిష్టమేనా?" అని మెల్లగా అడిగాడు. ఆయనకి తెలుసు. ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే.

సంగతేమిటంటే మేం మేదరవాళ్లం. పాతపట్నం దగ్గర ఒక ఊళ్లో మా అమ్మానాన్నలు వెదురుతో బుట్టలు, చేటలు, తట్టలు అల్లి బతికారు. నాన్న కొండవైపు వెళ్లి వెదురు తెచ్చేవాడు. కోయడం, మోయడం వరకే ఆయన పని. చీల్చడం, బద్దలు తీయడం, అల్లడం అంతా అమ్మే. పొద్దున్నే వాకిట్లో కాళ్లు బారచాపుకుని కూర్చుందంటే ఎండ నెత్తి మీదకొచ్చేదాకా లేచేది కాదు. సంత రోజున చేటలు ఒకదాంట్లో ఒకటి పేర్చి నెత్తినెట్టుకుని పాతపట్నం నడిచి వెళ్లేది. బోర్డరు దాటి వచ్చే ఒడియావాళ్లతో ఒడియాలోనే బేరమాడేది. తన చేటలోంచి నువ్వుగింజ కూడా జారదని అందరి ముందూ పందెం కట్టేది, గెలిచేది కూడా. బడిలో మాత్రం నా బట్టల వాసన చూసి పిల్లలు నాకు 'పచ్చెదురు' అని పేరు పెట్టారు. ఎదురు అంటే మావైపు వెదురే. మా నోళ్లలో 'వె' పలకదు. ఆ 'వె' నేర్చుకోవడానికి నాకు డిగ్రీ దాకా పట్టింది.

డిగ్రీకి హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే పక్కమంచం అమ్మాయి "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగింది. "టింబర్" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "డిపోనా?" అంది. "ఆ" అన్నాను. ఒక అబద్ధానికి తోడు కావాలంటారు కదా, తర్వాత ఆ డిపోకి లారీలొచ్చాయి, కూలీలొచ్చారు, నాన్న కూర్చోవడానికి చేతుల కుర్చీ ఒకటి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ డిపో కూడా నాతోపాటు స్టాఫ్‌రూంలోకి వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అనుమానించలేదు, అవమానించలేదు. అయినా ఎవరైనా బుట్టల మాటెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే లేచి బయటికి పోయేదాన్ని.

నాలుగేళ్ల కిందట నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వచ్చేటప్పుడు వెదురు చీల్చే కత్తి తెచ్చుకుంటానంది. ఫ్లాటులో చెత్త పడుతుందని చెప్పి దాన్ని మా చిన్నాన్న కొడుక్కి ఇచ్చేసి రమ్మన్నాను. వచ్చాక ఒకరోజు దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇక్కడివాళ్లకి మన పని సంగతులు అర్థం కావమ్మా, చెప్పకపోవడమే మంచిది" అన్నాను. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. లిఫ్టులో కనబడ్డ ప్రతి మనిషినీ ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసే మనిషి. అయినా ఆరోజు, "అలాగేలేవే, నాకెందుకు" అంది. డిపో సంగతి మాత్రం ఆవిడకి నేను చెప్పలేదు. దాచిపెట్టమన్నంత తేలిక కాదు అది చెప్పడం.

మరి అలాంటిదాన్ని షాపులో ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కొంత చేతికి తగిలిన ఆ కణుపు వల్ల. కొంత ఉక్రోషం కూడా ఉంది. అదే వెదురు తట్టయితే నాకు సిగ్గు, పాలిష్ పెట్టి ఇంగ్లీషు పేరు పెడితే వైజాగువాళ్లకి గొప్ప. ఆ గొప్పేదో మా ఇంట్లో కూడా ఉండనీ అనుకున్నాను. "ఇదే వేయిద్దాం" అనేశాను. స్కూటరెక్కాక ఆర్టీసీ కాంప్లెక్సు దాటకముందే భయం మొదలైంది. ఇంటికి వెళ్లి అమ్మకేం చెప్పాలి?

ఇద్దరు మనుషులొచ్చి రెండ్రోజుల్లో పరిచేశారు. పాత టైల్స్ మీదే స్పాంజి షీటు వేసి, దాని మీద పలకలు ఒకదాన్లో ఒకటి బిగించుకుంటూ పోయారు. మేకు లేదు, సిమెంటు లేదు. తేనె రంగులో హాలంతా వెలుగొచ్చింది. అమ్మ తన గది గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుని రెండ్రోజులూ కన్నార్పకుండా చూసింది. వాళ్లు వెళ్లాక చెప్పులు విడిచి, మెల్లగా ఒక కాలు పెట్టింది, తర్వాత రెండోది పెట్టింది. నేను వంటింట్లో పనిలో ఉన్నట్టు నటిస్తూ చూస్తున్నాను.

"ఇదేటే? సెక్కేనేటి?" అంది.

"చెక్కేనమ్మా. కంపెనీ చెక్క" అన్నాను.

అమ్మ కాసేపు నన్నే చూసింది. "ఓహో" అంది. "బాగున్నాది. సల్లగా లేదు." తర్వాత గోడ పట్టుకుని హాలు ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచింది. గండం గడిచిందనుకుని నేను స్టవ్వు వెలిగించాను.

ఆ నెలంతా నా పిచ్చి నాకానందం. పాత సోఫా గుడ్డలు మార్పించాను. కిటికీలకి లేతాకుపచ్చ కర్టెన్లు కుట్టించాను. బాల్కనీ తలుపు పక్కన రెండు మొక్కలు, మూల ఒక దీపం, మధ్యలో చిన్న తివాసీ. పొద్దున్న సోఫా తూర్పు గోడకి, సాయంత్రం పడమటి గోడకి. "ఇంట్లో సామాన్లు నడుస్తన్నాయి, మనుషులే కూకున్నారు" అనేవాడు మా ఆయన. చివరికి ఫొటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాను, కింద 'బాంబూ ఫ్లోరింగ్' అని రాసి. వేళ్లు తిన్నగా ఉండవు కదా. మా హెడ్ మేడం గుంటూరువైపు మనిషి, మనసు మంచిది, గొంతు పెద్దది. వెంటనే సమాధానమిచ్చింది. "టింబరు డిపో వాళ్లమ్మాయి కదా, చెక్క ఎంచుకోవడం ఎవరైనా నేర్పాలా! సెలవులివ్వగానే టీకి వస్తున్నాం." దాని కింద మరో ఇద్దరు మేమూ వస్తున్నామని పెట్టారు.

అప్పట్నుంచి నాకు కాలు నిలవలేదు. ఆవిడ వస్తే అమ్మని పలకరించకుండా పోదు. పలకరిస్తే డిపో సంగతి అడగకుండా ఉండదు. అమ్మ "ఏ డిపో?" అంటుంది. అంతే, ఇన్నేళ్ల మర్యాద హాలు మధ్యలో పడుతుంది. ముందే అమ్మకి చెప్పేద్దామా అని రోజుకి పదిసార్లు అనుకున్నాను. ఏమని చెప్పను? మీరు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేసి మీకు వేరే పని పెట్టానమ్మా అనా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. చెప్పలేదు.

ఈలోగా ఎండలు ముదిరాయి. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నమంతా ఎండ నేల మీదే పడేది. అమ్మ కోసం, పలకల కోసం, నా కోసం ఏసీ ఆపేదాన్ని కాదు. నాలుగు రోజులకి బాల్కనీ వైపు పలకల మధ్య సందులు కనిపించాయి. గోరు దూరేంత. అడుగేస్తే కిర్రుమనేది. షాపతనికి ఫోన్ చేస్తే, "సర్దుకుంటాది మేడం, వానలు పడనీండి" అన్నాడు. మేడం వచ్చేది వానలకి కాదు, వచ్చే ఆదివారానికి. కాలేజీ నుంచి రాగానే హ్యాండ్‌బ్యాగు భుజానుండగానే వంగి సందులు చూసేదాన్ని. కాలు కాలిన పిల్లిలా హాలంతా తిరుగుతుంటే ప్రతి అడుగుకీ ఒక కిర్రు. అమ్మ సోఫాలో కూర్చుని టీవీ కేసి కాకుండా నా కాళ్ల కేసి చూసేది.

"అంతలా తిరక్కే, కూకో" అనేది. "ఎండ తగ్గితే అదే నోరు మూసుకుంటాది."

"నీకేం తెలుసమ్మా" అనేదాన్ని. ఆ మాట ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

ఆ వారమే నాకు ఎచ్చెర్లలో యూనివర్సిటీకి వెళ్లి పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. గురువారం నుంచి శనివారం దాకా పొద్దున్నే బస్సెక్కి వెళ్లడం, సాయంత్రానికి తిరిగి రావడం. గురువారం సాయంత్రం వచ్చి చూస్తే సందులు కాస్త తగ్గినట్టనిపించింది. శుక్రవారం వచ్చేసరికి పూర్తిగా మూసుకున్నాయి. నడిచి చూశాను. కిర్రు లేదు. చప్పట్లు కొట్టినంత పని చేశాను. "చూశారా, సర్దుకుంటుందన్నాడు, సర్దుకుంది" అని మా ఆయనతో అన్నాను. మా ఆయన, "ఎండ తగ్గలేదు, వానా పడలేదు, ఎలాగ సర్దుకున్నాది?" అన్నాడు. నేను వినిపించుకోలేదు. అమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది, ఆవిడ ముఖంలో ఏదో సంబరం ఉంది. నా సంతోషం చూసి అనుకున్నాను.

శనివారం పేపర్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. మర్నాటి టీకి జీడిపప్పు, సేమియా కొనుక్కుని మూడింటికల్లా ఇంటికొచ్చాను. తలుపు తీయగానే తడి వాసన. హాల్లో తివాసీ చుట్టి పక్కన పెట్టి ఉంది. బాల్కనీ వైపు నేలంతా అమ్మ పాత నేత చీరలు పరిచి ఉన్నాయి, నీళ్లోడుతున్నాయి. అమ్మ ఆ వాచే మోకాలితో గొంతుక్కూర్చుని, పక్కన బకెట్ పెట్టుకుని, మగ్గుతో చీరల మీద నీళ్లు పోస్తోంది. వాకిట్లో బద్దల మీద నీళ్లు చల్లేటప్పుడు కూర్చునేది చూడండి, అచ్చంగా అలాగే కూర్చుంది.

"అమ్మా!" అని అరిచాను. చేతిలో సంచీ ఎక్కడ పడేశానో గుర్తులేదు. వెళ్లి ఒక చీర లాగేశాను. కింద పలకల అంచులు పైకి లేచి ఉన్నాయి. మధ్యలో నాలుగైదు పలకలు కలిసి తాబేటి వీపులా ఉబ్బాయి. కాలితో నొక్కితే దిగి, కాలు తీయగానే లేచింది.

"నిన్నటికి సరిగ్గా అయినాది" అంది అమ్మ, తనూ దాన్నే చూస్తూ. "ఎండకి ఎండిపోయి నోరు తెరిసేసినాది. రెండ్రోజులు మద్దేన్నం తడిబట్టేసి, నువ్వొచ్చేలోగా తుడిసీసినాను. మూసుకున్నాది కదా. ఇవాళ ఇంకొంచెం తాగిస్తే మరి తెరవదనుకున్నాను. ఈ కింద స్పాంజేటో ఉన్నాది కావాల, నీరు పోనివ్వలేదు."

ఆవిడ చెబుతున్నది ఒక పనివాడు ఇంకో పనివాడికి తప్పెక్కడ జరిగిందో చెప్పినట్టు ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. రేపు మేడం వస్తుంది, ఈ గూని నేల చూస్తుంది, ఎలా అయిందని అడుగుతుంది, అమ్మ ఇదిగో ఇదంతా ఇలాగే చెబుతుంది.

"ఇది బుట్ట కాదమ్మా, నీళ్లు చల్లి వంచడానికి!" అన్నాను. "ఇంత ఖరీదైన హాల్లో కూర్చోబెట్టినా నీ బుట్టల బుద్ధి పోదా? నాలుగేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను, ఆ పని మరిచిపొమ్మని. నా పరువు తీసేదాకా నీకు నిద్రపట్టదా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఆ పూట మంచిది కాదు. అన్న ప్రతి మాటా అనాలనే అన్నాను. అమ్మ మగ్గు బకెట్లో వేసింది. చెయ్యి చీరకి తుడుచుకుంది.

"ఎదురికి నీళ్లు తాగించకపోతే పగిలిపోద్దే" అంది, చిన్నగా.

నేను ఆగిపోయాను. "వెదురని నీకెవరు చెప్పారు?"

"ఒకరు సెప్పాలేటి? ఏసిన్నాడే, కాలెట్టగానే తెలిసినాది. కణుపులు కానరావేటి?" అంది. "నువ్వు సెక్కన్నావు. నువ్వు సెక్కంటే సెక్కే అనీసి ఊరుకున్నాను."

అమ్మ లేవబోయి లేవలేకపోతే చెయ్యిచ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేచి, తడి చీరలు ఏరుకుని బాల్కనీలో ఆరేసింది. నేను మొత్తం తుడిచి, ఫ్యాను పెట్టి, ఉబ్బు మీద నిలబడి, కూర్చుని, నా టెక్స్ట్ పుస్తకాలన్నీ దొంతిగా పేర్చి చూశాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి విషయం విని, "పోనీలే, అత్త మోకాలికి ఏటీ అవలేదు కదా" అన్నాడు. ఆయన మీద కూడా కేకలేశాను.

ఆదివారం నాలుగింటికి ముగ్గురూ వచ్చారు. అంతకుముందు ఆ ఉబ్బు మీదకి తివాసీ జరిపి, దాని మీద టీపాయ్ పెట్టాం. అమ్మతో, "మోకాలు నొప్పిగా ఉంటుంది, నువ్వు గదిలో పడుకోమ్మా" అన్నాను. ఆవిడ ఎందుకని అడక్కుండా వెళ్లి పడుకుంది. మేడం హాలంతా తిరిగి మెచ్చుకుంది. కర్టెన్లు బాగున్నాయంది, దీపం ఎక్కడ కొన్నారంది. వెనక్కి వచ్చి టీపాయ్ పక్కన అడుగేసేసరికి కాలి కింద నేల దిగి, టీపాయ్ మీద కప్పులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.

"ఇదేంటి, కింద ఏదో కదిలింది!" అంటూ ఆవిడే తివాసీ ఎత్తి చూసింది. "అయ్యో, నీళ్లు పడ్డట్టున్నాయే. ఎవరు పోశారు?"

నేను ఏసీలోంచి కారిందని చెప్పబోతున్నాను. నోట్లో మాట తయారుగా ఉంది. అప్పుడు గది తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని ఉంది. పడుకోలేదన్నమాట.

"నానేనమ్మా, పోసీసినాను" అంది. "తెలీక కడిగీసినాను. మా అమ్మాయి తప్పేటీ లేదు."

మేడం ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకుని, సోఫాలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ మంచితనంలో కల్మషం లేదు. నవ్వుతూ, "ఏమండీ పెద్దమ్మగారూ, పాతపట్నంలో మీవారిది అంత పెద్ద కర్రల డిపో కదా? లారీలకి లారీలు కర్ర దిగేదట, ఆయన చేతుల కుర్చీలో కూర్చుని అన్నీ చూసుకునేవారట. మీ అమ్మాయి ఎప్పుడూ చెబుతుంటుంది. ఆ ఇంట్లో ఉండి కూడా చెక్కకి నీళ్లు పడవని మీకు తెలియలేదా?" అంది.

అమ్మ నాకేసి చూసింది. నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాలో సగం, చెప్పేయమ్మా, నువ్వే చెప్పేయ్, నా వల్ల కాదు అనుకుంది. మిగతా సగం వద్దు వద్దని మొక్కుకుంది. అమ్మ చూపు నా మీద ఎంతోసేపు లేదు. ఫ్యాను రెండుమూడు చుట్లు తిరిగేంత.

"అవునమ్మా" అంది మేడంతో. "కర్రల డిపోయే. సెక్కయితే మాకు బాగా తెలుస్తాది. ఇది సెక్క కాదట కదా. ఈ వెదురూ అవీ మాకేటి తెలుస్తాది తల్లీ? మా ఇంటా వంటా లేదు."

వెదురు అంది. 'వె' పెట్టి, నేను పలికినట్టే, ఒక్కొక్క అక్షరం తీసి పెట్టినట్టు. నా జీవితంలో ఆవిడ నోట ఆ మాట అలా విన్నది అదే మొదటిసారి. గంటల తరబడి వాకిట్లో కూర్చుని, వేళ్లు కోసుకుని, నువ్వుగింజ జారని చేటలు అల్లిన మనిషి. నోరు తెరిచాను.

"ఇంకో రెండు బజ్జీలు వేసుకోండి మేడం" అన్నాను.

వాళ్లు ఇంకో గంట కూర్చున్నారు. పిల్లల చదువులు, బదిలీలు, ఎండలు. అమ్మ అడిగినవాటికి సమాధానమిస్తూ, అడగనిదేదీ చెప్పకుండా బుద్ధిగా కూర్చుంది. ఎవరినీ ఏ ఊరని కూడా అడగలేదు. వెళ్లేటప్పుడు మేడం, "మీ అమ్మగారు ఎంత నెమ్మదస్తులండీ" అంది. మా ఆయన వాళ్లని దింపడానికి కిందికి వెళ్లాడు.

అమ్మ అప్పటికే కప్పులు పోగుచేసి వంటింట్లోకి తీసుకుపోయింది. నేను వెనకే వెళ్లాను. సింకు దగ్గర నిలబడ్డాను, ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాను, మళ్లీ సింకు దగ్గరికి వచ్చాను. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండునని చూశాను. "అమ్మా, నిన్న నేనలా..." అన్నాను.

"ఏటయినాదిప్పుడు? నవ్వుకుంటానే ఎల్లారు కదా" అంది అమ్మ, కప్పు తొలుస్తూ. ఇంకో కప్పు అందుకుంటూ, "ఒసే, ఒక మాట అడుగుతాను, సెప్పు" అంది.

"అడుగు."

"ఆ డిపోలో మీ నాన్న కుర్సీలో కూకుంటాడు. సరే, బాగున్నాది, పాపం ఆ మనిషి ఎప్పుడూ కూకోనేదు." కుళాయి కట్టేసి నావైపు తిరిగింది. ఆవిడ ముఖంలో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. "మరి నానేటి సేస్తానే, ఆ డిపోలో? రేపెవులైనా అడిగితే తప్పు సెప్పీకూడదు కదా."

ఇన్నేళ్లుగా చెప్పుకొస్తున్న ఆ డిపోలోకి లారీలు తెచ్చాను, కూలీల్ని తెచ్చాను, నాన్నకి కుర్చీ వేశాను. అందులో అమ్మ ఎక్కడా లేదు. ఆవిడకి ఒక పని పెట్టాలని నాకెప్పుడూ తోచలేదు. అమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుని, నేనేం చెబుతానా అని చూస్తూ నిలబడింది.